కొసరుగా వచ్చిన టైరు

ఈ మధ్య చీర కొందామని ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాను. ఒకే ధర దుకాణం. ధర చీటీని చీరకే కుట్టేసి ఉంచుతారు. అలాంటి చోట నాకు నోటికి గుడ్డ కట్టి కూర్చోబెట్టినట్టుంటుంది. అయినా అలవాటు చావదు. రెండు చీరలు తీసుకుంటే కొసరేమిస్తారని కౌంటరు దగ్గరి అమ్మాయిని అడిగాను. ఆ పిల్లకు కొసరంటే ఏమిటో తెలియదు. కొన్నదాని పైన ఊరికే వేసేది అని నేను పాఠం మొదలుపెట్టేలోపు బయట కేకలు వినబడ్డాయి. కాపలా మనిషి పరుగెత్తి షట్టరు సగానికి దించాడు.

అందరం అద్దం దగ్గర మూగాం. రోడ్డు మధ్యన టైరు కాలుతోంది. చుట్టూ కుర్రాళ్ళు చేతులు ఊపుతూ ఏదో అరుస్తున్నారు. వాళ్ళకేం కావాలట అని పక్కనున్నావిడను అడిగాను. తెలియదంది. కాపలా మనిషి నీళ్ళ కోసమన్నాడు. మేనేజరు పరీక్షల గొడవన్నాడు. ఒక పెద్దమనిషి, వీళ్ళకు పనీపాటా లేదు, అదీ సంగతి అన్నాడు. టైరు మాత్రం అందరూ చూశారు. ఇంటికి వెళ్ళి అందరూ చెప్పేదీ టైరు గురించే.

నాకు నవ్వొచ్చింది. మేనేజరు నా వైపు అదోలా చూశాడు. నేను ఆ కుర్రాళ్ళను చూసి నవ్వలేదని ఆయనకెలా చెప్పను. షట్టరు కింది సందులోంచి కాలిన రబ్బరు వాసన లోపలికొచ్చింది. దాంతోపాటే చాందాలో మా గల్లీ, ఆ ఎండాకాలం, మా మేనత్త తెల్లబట్టల దుకాణం వచ్చి ఎదురుగా నిలబడ్డాయి.

మరాఠీ సీమలో, తెలుగు సరిహద్దుకు దగ్గరి ఊరు మాది. కాగితాల మీద చంద్రపూర్, మా పెద్దవాళ్ళ నోట్లో చాందా. మా తాతల కాలంలో రాజురా పక్క పల్లె నుంచి వచ్చి కోట దర్వాజా లోపల దుకాణం పెట్టారు. గల్లీ అన్నమాటే గానీ రెండు ఎడ్లబండ్లు ఎదురెదురుగా పోయేంత వెడల్పుండేది. కింద దుకాణాలు, పైన కాపురాలు. మా బాపుది గిన్నెల దుకాణం. సరిగ్గా దానికెదురుగా అత్త దుకాణం. గిరాకీ మొహం చూసి భాష మార్చడం మాకు పాలతో వచ్చిన విద్య. మరాఠీలో మొదలైన బేరం హిందీలో వేడెక్కి, వచ్చినాయన రాజురా వైపువాడని తెలిస్తే తెలుగులో తెగేది.

పొద్దున లేస్తే ముందు వాసనలే లేచేవి. మా దుకాణంలో ఇత్తడి తోమే చింతపండు పులుపు వాసన. మూలమీద హోటల్లో అటుకుల మీద పోసే ఎర్రటి తర్రీ పులుసు ఘాటు. దాన్ని ఆ ఎండల్లో కూడా చెమటలు కక్కుతూ తినేవాళ్ళం. ఇంట్లో జొన్నరొట్టె కాలే వాసన, పుంటికూర తాలింపు. వీటన్నిటినీ దాటి అత్త దుకాణం మెట్టెక్కితే కొత్తబట్ట గంజి వాసన. చల్లగా, శుభ్రంగా, పండగ రేపే ఉందన్నట్టుండేది.

అత్త తెలుపు తప్ప ఏదీ అమ్మేది కాదు. పంచెలు, తలకు చుట్టుకునే రుమాళ్ళు, లఠ్ఠా అనే దిట్టమైన బట్ట, పలుచటి మల్మల్. మామ పోయాక అందరూ దుకాణం కిరాయికిచ్చేసి ఇంట్లో కూర్చొమ్మన్నారట. ఆమె మూడో నెలలో వచ్చి గాదీ మీద కూర్చుంది. తెల్లటి పరుపు, వెనకాల తెల్లటి తానులు, మధ్యలో నల్లగా, పొడుగ్గా మా అత్త. రంగులబట్ట కూడా పెట్టరాదా అని బాపు అంటే, రంగుల కింద ఏ తప్పునైనా దాచొచ్చు, తెల్లబట్ట అమ్మాలంటే గుండె ఉండాలని జవాబిచ్చేది. కత్తెరతో అంచున చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పట్టి చర్రుమని చించేది. ఆ చప్పుడు విని ఎదురు దుకాణంలో బాపు, అక్క బేరం తెగిందని చెప్పేవాడు.

ఆమె బేరంలో గొంతు పెంచగా నేను వినలేదు. బేరమంటే కొట్లాట కాదని, ఇద్దరూ తానే గెలిచాననుకుంటూ ఇంటికి పోవాలని చెప్పేది. నేను ఆమె శిష్యురాలినని ఊరంతా చాటుకునేదాన్ని. నిజానికి నాకు అబ్బింది సగం విద్యే. ఎదుటివాడు కూడా గెలవాలన్న సగం నా బుర్రకెక్కలేదు. ఐసుముద్దల బరఫ్‌గోలా అమ్మేవాడి దగ్గర రంగునీళ్ళు మూడుసార్లు పోయించుకునేదాన్ని. బళ్ళో మాస్టారితో మార్కుల కోసం పేచీ పెట్టేదాన్ని. దేవుడికి సెకండు క్లాసైతే ఒక కొబ్బరికాయ, ఫస్టు క్లాసైతే రెండు అని మొక్కుకుని, ఫస్టు క్లాసు వచ్చాక ఒక్కటే కొట్టి, కాయ పెద్దది చూసి తెచ్చాను సర్దుకొమ్మన్నాను. నేను చెప్తున్న ఎండాకాలానికి కాలేజీలో చేరి ఏడాదైంది. నన్ను మించిన బేరగత్తె చాందాలో లేదని నా నమ్మకం.

దేశం తలుపులు తెరుస్తోందని పేపర్లలో రాస్తున్న రోజులవి. ఆ తలుపులోంచి కొందరిళ్ళకు రంగుల టీవీలొచ్చాయి. పాన్‌డబ్బా కొట్లో కొత్తరకం కూల్‌డ్రింకు వచ్చింది. మా గల్లీకి మాత్రం లారీలొచ్చాయి. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు పెరిగేకొద్దీ ఘుగ్గుస్ గనుల వైపు నుంచి బొగ్గు నింపుకొచ్చే లారీలూ పెరిగాయి. బయటి రోడ్డు గుంతలమయం. అందుకని డ్రైవర్లు అప్పటికి రెండు మూడేళ్ళుగా మా గల్లీని దగ్గరదారి చేసుకున్నారు.

పొద్దున తుడిచిన గాజు అల్మారీ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. మేం చదివింది మరాఠీ బడి. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది ఆ బొగ్గుధూళి మీదే. గిరాకీ లేనప్పుడు అత్త గాజు మీద వేలితో రాసి దిద్దించేది. అక్షరాలొచ్చిన వారానికే నేను మా కాక పేరు రాసి పక్కన గాడిద బొమ్మ గీశాను. కాక అంటే మా బాపు చివరి తమ్ముడు. డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, హోటల్లో కూర్చుని పేపరంతా గట్టిగా చదివి గల్లీకి వినిపించేవాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు కాబట్టి బొమ్మ ఎవరిదో అర్థం కాలేదు. చాలా బాగా గీశావని మెచ్చుకున్నాడు.

ధూళి మాకు ఆట. అత్తకు కాదు. మా గిన్నెల మీద పడితే తుడిస్తే పోతుంది. తెల్లటి తాను మీద పడితే మడత మడతకీ గీత. ఆ ఎండాకాలం పెళ్ళిళ్ళ రోజుల్లో, రాజురా అవతలి పల్లె నుంచి ఒక పెద్దాయన, తాము కొనుక్కుపోయిన పెళ్ళి పంచెల జత పట్టుకొచ్చాడు. కోపం చేయలేదు. మెట్టు మీద నిలబడి పంచెను వెలుతురుకు పట్టి చూపించాడు.

"అక్కా, పిల్లగాడు పీటల మీద కూసోకముందే పాతపంచె కట్టినట్టు కనబడ్తది గద."

అత్త వాపసు తీసుకుంది. ఆ వారంలో అది మూడో వాపసు. అప్పటికే ఒకాయన టెలిఫోను బూత్ పెట్టడానికి ఆమె దుకాణం కోసం తిరుగుతున్నాడు. మిరుగు కార్తె దాకా చూస్తానని, తొలి వానలోపు లారీలు ఆగకపోతే తాళంచెవులిచ్చేస్తానని అత్త ఆయనకు మాటిచ్చింది. మా గల్లీలో మాట ఇచ్చాక కాగితం అడిగేవాళ్ళు లేరు. ఆ సంగతి తెలిసిన రోజు బాపు అన్నం సరిగ్గా తినలేదు. గాదీ లేని అత్తను మేమెవరమూ ఊహించలేకపోయాం.

గల్లీవాళ్ళం అప్పటికి మూడు అర్జీలిచ్చాం. జవాబు లేదు. పంచెలు వాపసొచ్చిన మరునాడు తెల్లవారుతూనే అత్త లఠ్ఠా తానులోంచి మూరెడు ముక్క చించి, వెదురుకట్టెకు కట్టి దుకాణం ముందు వేలాడదీసింది. సాయంత్రం దాన్ని విప్పి మడిచి, అదే తానులోంచి ఇంకో మూరెడు చించి, నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు నడిచింది. లారీలు ఏ దారిన పోవాలో తేల్చే సాహెబు అక్కడుండేవాడు. మరాఠీ ఆయన. అత్తది బేరాల మరాఠీయే కాబట్టి ఆఫీసు మాటలకు నేను దుబాసీని. కానీ నేను నోరు తెరిచే అవసరం ఎక్కువ పడలేదు. అత్త రెండు ముక్కల్నీ బల్ల మీద పక్కపక్కన పరిచింది.

"ఇది పొద్దుగాలది. ఇది పొద్దుమీకిది. రెండూ ఒక్క తానులయే."

సాహెబు నల్లముక్క మీద వేలు రాశాడు. వేలు చూసుకున్నాడు. మాకు మంచినీళ్ళు ఇమ్మని ప్యూనుకు చెప్పాడు. మూడు అర్జీలకు మేమెప్పుడూ ఆ ఆఫీసులో నీళ్ళు తాగలేదు.

ఆ తర్వాత అది గల్లీకి రివాజైంది. రోజుకో ఇల్లు. పొద్దున అత్త దగ్గర మూరెడు తెల్లముక్క తీసుకుని గుమ్మానికి కట్టడం, సాయంత్రం తీసుకెళ్ళి సాహెబు బల్ల మీద పెట్టడం. కేకలు లేవు. మాది ఫలానా ఇల్లు అని చెప్పాలి, నీళ్ళు తాగాలి, రావాలి. నీళ్ళు చల్లగా ఉంటాయని కొందరు రెండోసారి కూడా పోవడానికి సిద్ధమయ్యారు. పెట్టడానికి చోటు చాలక ప్యూను వరండాలో తాడు కట్టి ముక్కలు ఆరేశాడు. రేషన్‌కార్డుల కోసం వచ్చినవాళ్ళు ఇవేమిటని అడిగేవారు. ప్యూను మాకంటే బాగా చెప్పేవాడు. ఆఫీసులో టైపు చేసే ఆవిడ తమ ఇంటి కిటికీ గుడ్డ కూడా తెచ్చి తాడుకు తగిలించిందని విన్నప్పుడు గల్లీలో జిలేబీలు పంచుకున్నాం. నెల తిరిగేసరికి ఊళ్ళో అందరికీ మా ధూళి గురించి తెలుసు.

ఒక మధ్యాహ్నం ఒక లారీ అత్త దుకాణం ముందే ఆగింది. డ్రైవరు దిగి నీళ్ళడిగాడు. కోర్పనా వైపు పల్లెవాడు, తెలుగతను. గుమ్మాలకు వేలాడే ముక్కలు చూసి ఏ పార్టీ జెండాలని అడిగాడు.

అత్త చెంబు అందించింది. "మా ఇంటి పార్టీయే తమ్మీ. రంగు మాత్రం మీరే ఏస్తున్నరు."

అతను నీళ్ళు తాగుతూ పొలమారేదాకా నవ్వాడు. మళ్ళీ వచ్చినప్పుడు భుజం మీది తువ్వాల తీసి అత్త చేతిలో పెట్టి, దీన్ని కూడా పట్టుకుపొమ్మన్నాడు. కొన్ననాడు అదీ తెల్లదేనట. అంతటితో ఆగలేదు. తనే ఆఫీసుకు వెళ్ళి, బయటి రోడ్డు గుంతలు పూడిస్తే గల్లీలోకి రావలసిన పని తమకు లేదని సాహెబుకు చెప్పొచ్చాడు. మా వైపు సాక్షి లారీ మీదే దొరికాడని బాపు మురిసిపోయాడు.

మిరుగు ఇంకా మూడు వారాలుందనగా సాహెబు కబురు పంపాడు. గుంతలు పూడ్చడం మొదలైంది. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా బొగ్గు లారీలు బయటి రోడ్డునే పోవాలని కాగితం తయారైంది. సోమవారం పది గంటలకు తానే వచ్చి గల్లీ చూసి, వెళ్ళి సంతకం పెడతాడు. అత్త ఆ రోజు మొదటిసారి గాదీ మీద వెనక్కి ఆనుకుని కూర్చుంది. బూత్ ఆయనకు వేరే చోటు చూసుకొమ్మని చెప్పనా అని నన్ను అడిగింది. మళ్ళీ తనే, సంతకం అయినంక చెబుదాంలే అనుకుంది.

బేరం కుదిరిపోయింది. గిరాకీ సంచీ తెరిచాడు. అక్కడ నోరుమూసుకుని బట్ట చించి ఇవ్వడమే పని. అది గల్లీలో పుట్టిన పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ సంచీ తెరవగానే కొసరు అడగకపోతే చెయ్యి దురద పెట్టే జాతి కూడా మాదే.

కాక నన్ను హోటల్ వెనక్కి పిలిచి అసలు సంగతి చెప్పాడు. పగలు మాత్రమే ఎందుకు, రాత్రి లారీలు కూడా ఆపించాలి. గుమ్మాలకు గుడ్డలు చూసి సాహెబు ఇది చాకలివాడ అనుకుంటాడు. గల్లీకి దమ్ముందని కూడా కనబడాలి.

"బట్టలు ఆరేసుకుంట కూసుంటే ఎన్నడన్న రాజ్యాలు కదిలినయా? జర భయం గూడ పెట్టాలె."

నాకది అచ్చమైన బేరంలా వినిపించింది. ఇస్తానన్నవాణ్ణి ఇంకొంచెం పిండడం. గల్లీ మొదట్లో ఒక టైరు కాలిస్తే లారీలు బారుగా ఆగుతాయి, ఆ బారు సాహెబు కళ్ళబడుతుంది, జడిసి రాత్రిని కూడా కొసరేస్తాడు. అత్తకు చెప్పొద్దనుకున్నాం. ఆమె ఒప్పుకోదని ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా ఎందుకు ఒప్పుకోదని ఒక్క నిమిషం ఆలోచించలేదు.

టైరు తెచ్చే పని నాది. దర్వాజా బయట పంక్చర్లు వేసే ఆయన దగ్గర పాత లారీ టైర్లుండేవి. ఊయల కోసమని చెప్పాను. అరిగిందన్నాను, తీగలు బయటికొచ్చాయన్నాను, వానాకాలంలో ఇందులో నీళ్ళు నిలిచి దోమలు పుడతాయని, నేను తీసుకుపోవడం ఆయనకే మేలన్నాను. ఆయన తలపట్టుకుని నేనన్న ధరకే వచ్చాడు. అప్పుడు రెండో టైరు కొసరెయ్యమన్నాను. ఒక్క ఊయలకు రెండెందుకని అడిగాడు. తమ్ముడు ఏడుస్తాడన్నాను. నాకు తమ్ముడు లేడు. కాక కూడా ఒక్కటి చాలన్నాడు. ఊరికే వచ్చింది, పడి ఉండనీ అన్నాను.

సోమవారం గల్లీ పెళ్ళిపందిరిలా ఉంది. అత్త తెల్లవారకముందే లేచి ప్రతి గుమ్మానికీ, ప్రతి మేడకీ కొత్త ముక్కలు కట్టించింది. మొత్తం నలభై. సాహెబు వచ్చేసరికి రెండు మూడు గంటల ధూళి పట్టి ఉంటుంది, కళ్ళారా చూస్తాడని ఆమె లెక్క. చల్ల కుండ సిద్ధం చేసింది. ఉతికిన పంచె కట్టుకుని బాపు అటూ ఇటూ తిరుగుతున్నాడు.

తొమ్మిదిన్నరకు కాక గల్లీ మొదట్లో మొదటి టైరు అంటించాడు. లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. పొగ నిటారుగా పైకి పోయింది. అంతవరకు బాగానే ఉంది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథలో నేను తెలివైనదాన్ని. కాసేపటికి మంట సన్నబడింది. సాహెబు ఇంకా రాలేదు. కాక నావైపు చూశాడు. నేను గోడ పక్క దాచిన రెండో టైరును నా చేతులతో దొర్లించుకుంటూ వెళ్ళి మంటలోకి తోశాను.

చాందా ఎండాకాలపు గాలికి నమ్మకం లేదు. ఒక్కసారిగా తిరిగింది. వేడిగాలి ఆ పొగనంతా మెడపట్టి గల్లీలోకి నెట్టింది. చిక్కటి, జిడ్డు పొగ. ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు పెట్టుకుని కిటికీలు మూశారు. అత్త బెంచీ ఎక్కి ముక్కలు లాగేయబోయింది. మూడో నాలుగో దక్కాయి. మిగతావి పావుగంటలో, నెలరోజుల బొగ్గు కూడా చేయలేనంత నల్లగా అయిపోయాయి.

మంట చూసి ఎక్కడెక్కడి కుర్రాళ్ళో పోగయ్యారు. మా ధూళి సంగతి వాళ్ళకు తెలియదు. ఎవరి మీద కోపమో కూడా తెలియదు. మంట ఉంది కాబట్టి రాళ్ళు కూడా ఉండాలనుకున్నారు. ఎవరు విసిరారో ఇప్పటికీ తెలియదు. బారులో ముందున్న లారీ అద్దం భళ్ళున పగిలింది. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతుండగా దిగినవాడు మా సాక్షి, కోర్పనా డ్రైవరు. కాక అతని దగ్గరికి పరుగెత్తాడు. నేను మసి చేతులు వెనక్కి దాచుకున్నాను.

జీపు అప్పుడే వచ్చింది. సాహెబు ముందు డ్రైవరును ఆసుపత్రికి పంపించాడు. తర్వాత గల్లీలోకి నడిచి, అత్త దుకాణం ముందు వేలాడే ముక్కను పట్టుకుని వేలితో రాశాడు. వేలికి నల్లటి జిడ్డంటుకుంది. ఆమెవైపు తిరిగి మరాఠీలో మెల్లగా అడిగాడు.

"బాయీ, ఈ నలుపు బొగ్గుదా, టైరుదా?"

అత్త దక్కిన మూడు నాలుగు ముక్కలనూ కొంగులో చుట్టుకుంది. సాహెబుకు కోపం వచ్చినా బాగుండేది. నిన్నటి దాకా ఎవరడిగినా ఈ ముక్కలు ముందు పెట్టి జవాబు చెప్పేవాణ్ణి, రేపటి నుంచి అందరూ ఆ పగిలిన అద్దం తెచ్చి నా ముందు పెడతారు అన్నాడు. చల్ల తాగకుండానే వెళ్ళిపోయాడు.

అన్నంత పనీ అయింది. లారీలవాళ్ళు అద్దం ముక్కలు గుడ్డలో మూటగట్టి తీసుకెళ్ళి సాహెబు బల్ల మీద పరిచారట. మా పద్ధతే. పేపర్లో టైరు ఫోటో వచ్చింది, పక్కన కాక మోచెయ్యి. గల్లీ పేరు తప్పు పడింది. ధూళి అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని రెండుసార్లు చదివాను. లేదు. సంతకం కాలేదు.

పోలీసులు కాకను పట్టుకుపోయి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. బాపు వెళ్ళి తీసుకొచ్చాడు. నా పేరు కాక ఎక్కడా చెప్పలేదు. అత్త ఎవర్నీ తిట్టలేదు. నల్లబడ్డ ముక్కలన్నీ కుప్ప పోసి, ఉతకమని కాక ముందు పెట్టింది. నేను కూడా పక్కన చేరాను. కుంకుడు రసం, సోడా, మరగబెట్టిన నీళ్ళు, ఏం చేసినా లాభం లేకపోయింది. బొగ్గు కనీసం కొంత వదిలేది. టైరు మసి నూనెలా అంటుకుని కూర్చుంది. నాలుగు రోజులు నేను తిన్న జొన్నరొట్టె రబ్బరు వాసనొచ్చింది. స్టేషన్ నుంచి విడిపించి ధోబీఘాట్‌లో పడేశారని కాక గొణిగాడు. గల్లీ మొత్తంలో ఆ వారం నవ్వింది ఆ ఒక్క మాటకే.

డ్రైవరు నుదుటికి కుట్లు పడ్డాయి. అత్త మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని మామిడిపండ్లు, కొత్త తువ్వాల తీసుకుని చూడ్డానికి వెళ్ళింది. అతను లేచి కూర్చుని మాకే మర్యాద చేశాడు.

"నాకు కోపం లేదక్కా. గానీ ఇగ సాక్షం చెప్పుమంటె చెప్పలేను. మీ తరఫున మాట్లాడి మీ రాయే తిన్నవని మావోళ్ళు నవ్వుతుండ్రు."

మిరుగు చెప్పిన రోజుకే వచ్చింది. తొలివాన పడి మట్టివాసన లేచిన సాయంత్రం బూత్ ఆయన గొడుగేసుకుని వచ్చాడు. అత్త ఇంకో నెల గడువు బేరమాడుతుందని గల్లీ అంతా గుమ్మాల్లో నిలబడి చూస్తోంది. చాందాలో అందరికన్నా గట్టి బేరగత్తె ఒక్క మాట కూడా ఆడలేదు. తాళంచెవుల గుత్తి తీసి ఆయన చేతిలో పెట్టింది. తానులు ఒక్కొక్కటే మా దుకాణంలోకి మోశాం. గిన్నెల మధ్య తెల్లటి తానులు పేర్చాం. ఆఖరి తాను ఆమె చేతికిస్తూ చెప్పేశాను, టైర్లు తెచ్చింది నేనేనని, రెండోది తోసింది కూడా నేనేనని.

"తెలుసు," అంది. "టైర్లు కాలిన నాడే టైరాయన చెప్పిండు. నీ లెక్క బేరం చేసేటోళ్ళను సూడలేదని మెచ్చుకున్నడు గూడ."

నేను తలెత్తలేదు. ఆమె తాను మడత సరిచేసింది.

"కొసరడుగుడు తప్పు కాదు బిడ్డా. గానీ సంతకం పెట్టేటోని చెయ్యి పట్టి గుంజుతె కలం జారదా? మనం ఏం అడిగినమో ఆయన మరిచిపోయిండు. చెయ్యి గుంజింది మాత్రం మరువలే."

మరునాడు పొద్దున మళ్ళీ మూరెడు ముక్క చించింది. తన దుకాణం ఇప్పుడు లేదు కాబట్టి బూత్ ఆయన బోర్డుకే కట్టింది. ఆయన టెలిఫోన్లు కూడా సాయంత్రానికి నల్లబడుతున్నాయి, ఒప్పుకున్నాడు. ఈసారి ఆఫీసుకు మోసింది కాక. మొదటి రెండు నెలలు సాహెబు తీసుకోలేదు, నీళ్ళూ ఇవ్వలేదు. కాక పేపరు చదవడం మానేసి రోజూ సాయంత్రం ముక్క మడిచి తీసుకెళ్ళేవాడు, వరండాలో కూర్చునేవాడు, తిరిగొచ్చేవాడు. దసరా దాటాక ప్యూను మళ్ళీ తాడు కట్టాడు. అంతకుముందు నెలరోజుల్లో వచ్చింది ఈసారి రావడానికి ఏడాది పట్టింది. మళ్ళీ ఎండాకాలంలో సంతకమైంది. అదే కాగితం, అవే మాటలు. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా. రాత్రి ఊసు లేదు. ఎవరూ అడగలేదు.

అత్త దుకాణం మాత్రం తిరిగి రాలేదు. ఆ ఏడాది నుంచి ఆమె తెల్లబట్ట మూటలు కట్టుకుని వారం వారం సంతలకు తిరిగింది. రాజురా, కోఠారి, ఏ బస్సు దొరికితే ఆ బస్సు. మిగతా రోజుల్లో మా గిన్నెల దుకాణం మెట్టు మీద కూర్చుని అమ్మేది. గాదీ మీదకంటే మెట్టు మీదే గాలి బాగా వస్తుందనేది. అది నిజమో, నన్ను ఊరుకోబెట్టడానికో నాకు తెలియదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆ గల్లీలో ఇప్పుడు గాజు తలుపుల దుకాణాలు, అన్నిటికీ ఒకే ధర.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది లారీలు ఆగిన తర్వాతి వారం. రాజురా వైపు రైతు ఒకాయన కొడుకు పెళ్ళికి పంచెలు కొనడానికొచ్చాడు. అత్త మెట్టు మీద మూట విప్పింది. ఆయన ఒక పంచె తీసుకుని తిన్నగా గల్లీ నడిమధ్యకు వెళ్ళాడు. ఏళ్ళ తరబడి అక్కడ మనిషి నిలబడే వీలు లేదు. ఎండకు పట్టి, తిప్పి, మడత మడత విప్పి తప్పు కోసం వెతికాడు. దొరకలేదు. పైకి, కిందికి ఇంకోసారి చూశాడు. అప్పటికీ దొరకలేదు. తప్పు లేకుండా బేరం మొదలుపెట్టడం ఎలాగో తెలియక కాసేపు గడ్డం గోక్కుని, మెట్టు దగ్గరికి వచ్చాడు.

"గింత తెల్లగుంటే జల్దిన మాస్తది గద అక్కా. జర తగ్గించి ఇయ్యి."

అత్త నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా, ఎదురు దుకాణాల వాళ్ళు బయటికొచ్చి చూసేదాకా నవ్వింది. ఆ మాట ఇంకోసారి అనమని ఆయన్ని అడిగి మరీ అనిపించుకుంది. ధర మాత్రం తగ్గించలేదు.